అవును–కాదు ప్రశ్నలతో మనసులో మాట పట్టే ప్రోగ్రామ్: తయారీ నుంచి పరీక్ష దాకా

మనసులో ఒక జంతువునో మనిషినో వస్తువునో అనుకోమని చెప్పి, వరసగా ప్రశ్నలడిగి, "మీరనుకున్నది గబ్బిలమే కదా?" అని తేల్చే ప్రోగ్రామ్ రాయడం చూడ్డానికి తేలికే. జవాబు వచ్చినప్పుడల్లా దానికి సరిపోనివి కొట్టేసుకుంటూ పోతే చివరికి ఒక్కటే మిగులుతుంది. దాదాపు అందరూ మొదట ఇలాగే రాస్తారు. రాసినవాళ్ళే ఆడుతున్నంతసేపూ బాగా పనిచేస్తుంది. ఇంకెవరైనా ఆడటం మొదలుపెట్టగానే జాబితా మధ్యలోనే ఖాళీ అయిపోతుంది, లేదంటే సంబంధం లేని జంతువు దగ్గర తేలుతుంది.

లోపం కోడ్‌లో ఉండదు. జవాబులు చెప్పేవాళ్ళు పొరపాటు పడతారు. గబ్బిలం గుడ్లు పెడుతుందనుకునేవాళ్ళు ఉంటారు, తొందరలో పక్క బటన్ నొక్కేవాళ్ళు ఉంటారు, ప్రశ్నను మనం అనుకోని విధంగా అర్థం చేసుకునేవాళ్ళూ ఉంటారు. అందుకే ఇక్కడ చెప్పే పద్ధతి అంతా ఒక్క నియమం మీద నడుస్తుంది: ఏ అంశాన్నీ కొట్టేయొద్దు, దాని బలం తగ్గించండి. ఆ బలాన్నే గణితంలో సంభావ్యత అంటాం.

పైథాన్, జావాస్క్రిప్ట్, ఏ ప్రోగ్రామింగ్ భాషైనా సరే. 50 అంశాల లోపైతే స్ప్రెడ్‌షీట్‌లో కూడా చేయొచ్చు. కూడిక, గుణకారం, భాగహారం, ఒక చోట లాగరిథమ్ తెలిస్తే చాలు.

1. ముందుగా ఒక అంచనా: ఎన్ని ప్రశ్నలు పడతాయి?

జవాబులన్నీ కచ్చితంగా ఉండి, ప్రతి ప్రశ్నా జాబితాను సరిగ్గా సగం చేస్తే, 10 ప్రశ్నలతో 1,024 అంశాలను, 20 ప్రశ్నలతో 10,48,576 అంశాలను వేరుచేయవచ్చు. ఇది కాగితం మీద లెక్క.

పది జవాబుల్లో ఒకటి తప్పు వస్తుందనుకోండి. అప్పుడు ఒక్కో ప్రశ్న నుంచి గరిష్ఠంగా 0.53 బిట్ల సమాచారమే వస్తుంది (జాబితాను సరిగ్గా సగం చేసే కచ్చితమైన జవాబు ఇచ్చేది ఒక బిట్). వెయ్యి అంశాలకు 10 ప్రశ్నలు కాదు, సగటున 19 దాకా కావాలి. పది లక్షల అంశాలకైతే 38. అదీ ప్రతి ప్రశ్నా అద్భుతంగా కుదిరితేనే. నిజం ప్రశ్నలు అంత బాగా సగం చేయవు కాబట్టి ఇంకొన్ని కలుపుకోండి.

ఒకే ఒక్క అబద్ధం ఎంత ఖర్చు పెట్టిస్తుందో, రెన్యీ, ఉలామ్ అనే గణితవేత్తల పేరు మీదున్న రెన్యీ–ఉలామ్ ఆట చూపిస్తుంది. ఒకటి నుంచి పది లక్షల లోపు సంఖ్య కనిపెట్టాలి. అబద్ధాలు లేకపోతే 20 ప్రశ్నలు చాలు. ఎదుటివాళ్ళు ఎక్కడో ఒక్కసారి అబద్ధం చెప్పొచ్చు అంటే 25 కావాలి. ప్రతి ప్రశ్ననూ రెండుసార్లు అడిగి సరిచూసుకుందామనుకుంటే 41 దాకా పోతుంది. అంటే తప్పులను తట్టుకోవడానికి అడిగిందే మళ్ళీ అడగడం దారి కాదు. పాత జవాబుల మీద అనుమానం నిలుపుకుంటూ కొత్త ప్రశ్నలు అడగడమే చవక.

ఈ అంచనా ముందే వేసుకోమనడానికి కారణం ఉంది. 5,000 అంశాల జాబితా పెట్టుకుని 12 ప్రశ్నల్లో తేల్చాలనుకుంటే ఏ అల్గారిథమూ కాపాడదు.

2. అంశాల జాబితా

మొదటి ప్రయత్నానికి 100 నుంచి 200 అంశాలు పెట్టుకోండి. ఒకే కోవకు చెందినవి తీసుకోండి: జంతువులంటే జంతువులే. మనుషులు, వస్తువులు, ఊళ్ళు అన్నీ కలిపితే మొదటి నాలుగైదు ప్రశ్నలు కోవ తేల్చడానికే పోతాయి.

ఇక్కడ అందరూ మరిచిపోయేది ఒకటుంది. ఒకే అంశం రెండు పేర్లతో జాబితాలో ఉండకూడదు. నిప్పుకోడి, ఉష్ట్రపక్షి రెండూ విడివిడిగా ఉంటే, జవాబులన్నీ దానివైపే చూపించినా సంభావ్యత రెంటి మధ్య చీలిపోతుంది. చెరో 45 శాతం దగ్గర ఆగి ప్రోగ్రామ్ ఎప్పటికీ ధైర్యంగా ఊహ చెప్పదు. ఒక పేరును అసలు పేరుగా ఉంచి, మిగతావి దానికి మారుపేర్లుగా కలపండి.

3. ప్రశ్నలు రాయడం

గణితం కంటే ఈ పనికే ఎక్కువ సమయం పెట్టండి. మంచి ప్రశ్నలతో మామూలు సూత్రం కూడా బాగా ఆడుతుంది. చెడ్డ ప్రశ్నలను ఏ సూత్రమూ బాగుచేయదు.

వ్యతిరేకార్థంలో ప్రశ్న వేయకండి. "ఇది ఎగరదా?" అంటే కొందరు "అవును, ఎగరదు" అనే అర్థంలో అవును నొక్కుతారు, కొందరు "ఎగురుతుంది" అనే అర్థంలో అదే అవును నొక్కుతారు. జవాబు మీ పట్టికలోకి వచ్చేసరికి రెండింటికీ తేడా కనిపించదు.

కొలత లేని మాటలు వద్దు. "పెద్దదా?" అంటే దేనికంటే? "మనిషి కంటే బరువైనదా?" అని అడగండి. "ప్రమాదకరమైనదా?" కంటే "మనుషులను చంపగలదా?" నయం. అయినా అందులోనూ కొంత తేడా వస్తుంది. ఆ తేడాను పట్టిక చూసుకుంటుంది.

రెండు ప్రశ్నలు ఒకదాంట్లో ఇరికించకండి. "ఎగురుతూ రాత్రిపూట తిరుగుతుందా?" అన్నదానికి చిలుకను తలచుకున్నవాళ్ళు ఏం నొక్కాలి?

నిపుణులకే తెలిసే ప్రశ్నలు తగ్గించండి. "దీని గుండెకు నాలుగు గదులుంటాయా?" అనేది శాస్త్రపరంగా చక్కగా వేరుచేస్తుంది. కానీ వచ్చే జవాబుల్లో ఎక్కువ భాగం "తెలియదు". ఆడేవాళ్ళ విసుగు అదనం.

రాసిన ప్రతి ప్రశ్ననూ ఈ జాబితాతో సరిచూసుకోండి:

- ఒకే విషయం అడుగుతోందా?
- ఉన్నదాని గురించి అడుగుతోందా, లేనిదాని గురించా?
- పోల్చడానికి కొలత చెప్పిందా?
- మామూలు మనిషి అయిదు సెకన్లలో జవాబు చెప్పగలడా?
- జాబితాలో కనీసం పదో వంతు అంశాలకు అవును, కనీసం పదో వంతుకు కాదు వస్తుందా?

చివరిదానికి మినహాయింపు ఉంది. దగ్గర దగ్గరగా ఉండే రెండు అంశాలను విడదీయడానికే ఉన్న ప్రశ్నలు అరుదైనవైనా ఉండాలి. 150 అంశాలకు 60 నుంచి 80 ప్రశ్నలు మొదలుపెట్టడానికి సరిపోతాయి.

4. పట్టిక నింపడం

అడ్డంగా అంశాలు, నిలువుగా ప్రశ్నలు. ప్రతి గడిలో ఒక సంఖ్య: ఈ అంశాన్ని మనసులో పెట్టుకున్నవాళ్ళు ఈ ప్రశ్నకు అవును అనే సంభావ్యత.

గమనించండి, నిజం ఏమిటన్నది గడిలో రాయం. జనం ఏమంటారన్నది రాస్తాం. గబ్బిలం గుడ్లు పెట్టదు. కానీ అయిదుగురిలో ఒకరు పెడుతుందనుకుంటారని మీకనిపిస్తే గడిలో 0.20 ఉండాలి, సున్నా కాదు.

చేతితో నింపేటప్పుడు అయిదు మెట్లు చాలు:

- దాదాపు అందరూ అవును: 0.95
- ఎక్కువమంది అవును: 0.80
- చెప్పలేం: 0.50
- ఎక్కువమంది కాదు: 0.20
- దాదాపు అందరూ కాదు: 0.05

సంభావ్యతను నేరుగా దాచకండి. రెండు లెక్కలు దాచండి: ఎన్ని అవునులు, మొత్తం ఎన్ని జవాబులు. మీరు చేత్తో వేసిన అంచనాను 10 ఊహాజనిత జవాబులుగా రాసుకోండి. 0.80 అంటే పదిలో ఎనిమిది అవునులు. తర్వాత నిజం ఆటల జవాబులు వచ్చి చేరేకొద్దీ మీ అంచనా ప్రభావం దానంతటదే తగ్గుతుంది.

గడి విలువ ఎప్పుడూ 0.02 కంటే తగ్గకూడదు, 0.98 కంటే పెరగకూడదు. ఒక్క సున్నా ఎక్కడ దూరినా ఆ అంశం ఒక్క తప్పు జవాబుతో శాశ్వతంగా పోతుంది. సున్నాను ఎంతతో గుణించినా సున్నాయే కదా.

ఖాళీ గడులకు 0.50 పెట్టడం సహజంగా తోచేదే, కానీ దాంతో ఒక చిక్కుంది. సగం గడులు ఖాళీగా ఉన్న అంశం దేనికీ గట్టిగా కాదనిపించుకోదు. జవాబులు కాస్త అటూ ఇటూ అయితే అదే పైకి తేలుతుంది. ఖాళీ గడిలో ఆ ప్రశ్నకు మిగతా అంశాలన్నిటి సగటు పెట్టండి.

5. మొదటి బలాలు

ఆట మొదట్లో అన్ని అంశాలకూ సమాన బలం ఇవ్వొచ్చు. కానీ జనం సమానంగా తలచుకోరు. ఏనుగును అనుకునేవాళ్ళు ఎక్కువ, పునుగుపిల్లిని అనుకునేవాళ్ళు తక్కువ.

ఆటల రికార్డు చేరాక, ఒక్కో అంశం ఎన్నిసార్లు వచ్చిందో దాన్నిబట్టి బలం ఇవ్వండి. పూర్తిగా దానికే వదిలేస్తే అరుదైనవి ఎప్పటికీ పైకి రావు. 80 శాతం రికార్డును బట్టి, 20 శాతం అందరికీ సమానంగా పంచితే బాగుంటుంది.

6. జవాబు రాగానే బలాలు మార్చడం

చేయాల్సింది మూడు మెట్లే:

1. ప్రతి అంశం పాత బలాన్ని, ఆ అంశానికి ఆ జవాబు వచ్చే సంభావ్యతతో గుణించండి. జవాబు అవును అయితే గడి విలువతో, కాదు అయితే ఒకటిలోంచి గడి విలువ తీసేయగా మిగిలినదానితో.
2. వచ్చినవన్నీ కూడండి.
3. ఒక్కోదాన్నీ ఆ మొత్తంతో భాగించండి. ఇప్పుడు అన్నీ కలిపితే మళ్ళీ 1 వస్తుంది.

ఇదే బేయీస్ సూత్రం. అయిదు జంతువులతో చేసి చూద్దాం. అందరికీ మొదట 20 శాతం.

| ప్రశ్న | గబ్బిలం | చిలుక | నిప్పుకోడి | మొసలి | తిమింగలం |
|---|---|---|---|---|---|
| ఎగురుతుందా? | 0.95 | 0.95 | 0.10 | 0.05 | 0.05 |
| గుడ్లు పెడుతుందా? | 0.20 | 0.95 | 0.95 | 0.85 | 0.15 |
| ఎక్కువసేపు నీళ్ళలో ఉంటుందా? | 0.05 | 0.05 | 0.05 | 0.80 | 0.95 |
| రాత్రిపూటే తిరుగుతుందా? | 0.95 | 0.05 | 0.05 | 0.40 | 0.10 |

ఆడే మనిషి మనసులో గబ్బిలం ఉంది. కానీ అది గుడ్లు పెడుతుందని అతని నమ్మకం.

"ఎగురుతుందా?" జవాబు అవును. గబ్బిలం, చిలుక చెరో 45.2 శాతానికి చేరతాయి. నిప్పుకోడి 4.8, మొసలి, తిమింగలం చెరో 2.4.

"గుడ్లు పెడుతుందా?" జవాబు అవును, అదీ తప్పు జవాబు. చిలుక 72.9 శాతానికి ఎగబాకుతుంది. గబ్బిలం 15.4కు పడిపోతుంది. కొట్టేసే పద్ధతిలో గబ్బిలం కథ ఇక్కడితో ముగిసేది. ఇక్కడ మాత్రం రెండో స్థానంలో బతికే ఉంది.

"రాత్రిపూటే తిరుగుతుందా?" జవాబు అవును. గబ్బిలం 72.7 శాతం, చిలుక 18.2, మొసలి 6.9, నిప్పుకోడి 1.9, తిమింగలం 0.3. తప్పు జవాబు పడినా ఒకే ప్రశ్నతో దారిలోకి వచ్చింది. ఈ లెక్క ఒకసారి మీ చేత్తో వేసి చూడండి. మీ కోడ్ ఇవే సంఖ్యలు ఇస్తే ఈ భాగం సరిగ్గా ఉన్నట్టే.

అవును, కాదు కాకుండా మరికొన్ని బటన్లు పెట్టడం మంచిది. "తెలియదు" వస్తే బలాలు మార్చకుండా వదిలేయండి. "అవుననుకుంటా" వస్తే అవును లెక్కకు మూడు వంతులు, కాదు లెక్కకు ఒక వంతు వేసి కలపండి. గడిలో 0.95 ఉంటే 0.75 × 0.95 + 0.25 × 0.05, అంటే 0.725తో గుణిస్తాం. సగం నమ్మకంతో చెప్పినదానికి సగం బరువే పడుతుంది.

లాగరిథమ్‌లలో లెక్క వేయకపోతే సంఖ్యలు మరీ చిన్నవై సున్నా అయిపోతాయని చాలాచోట్ల హెచ్చరిస్తారు. మధ్యలో భాగించకుండా 0.02తో దాదాపు 190 సార్లు గుణించాకగానీ మామూలు దశాంశ సంఖ్యలకు ఆ గతి పట్టదు. 25 ప్రశ్నల ఆటకు ప్రతిసారీ మొత్తంతో భాగిస్తే చాలు, దీని గురించి టెన్షన్ అక్కర్లేదు.

7. తర్వాత ఏ ప్రశ్న అడగాలి?

ప్రోగ్రామ్ తెలివైనదా కాదా అన్నది ఆడేవాళ్ళకు ఇక్కడే కనిపిస్తుంది.

చాలామంది "అవును వచ్చే అవకాశం సగానికి దగ్గరగా ఉన్న ప్రశ్న అడుగు" అని రాస్తారు. అది సగం నిజమే. పై పట్టికలో ఆట మొదట్లో చూడండి. గుడ్ల ప్రశ్నకు అవును వచ్చే అవకాశం 0.62, నీళ్ళ ప్రశ్నకు 0.38. రెండూ సగానికి సరిగ్గా ఒకే దూరంలో ఉన్నాయి. అయినా రెండూ సమానం కావు. నీళ్ళ ప్రశ్నకు జవాబులు గట్టివి. గుడ్ల ప్రశ్నకు గబ్బిలం, మొసలి, తిమింగలం విషయంలో జనం తడబడతారు. తడబాటు ఎక్కువున్న ప్రశ్న సగం చేసినట్టు కనిపిస్తుందిగానీ చెప్పేది తక్కువ.

ఆ తేడాను కొలిచేదే సమాచార లాభం:

1. ప్రస్తుత బలాలతో, ఈ ప్రశ్నకు అవును వచ్చే మొత్తం సంభావ్యత లెక్కించండి. ప్రతి అంశం బలాన్ని దాని గడితో గుణించి కూడటమే.
2. ఆ సంఖ్య ఎంట్రపీ, అంటే జవాబు ఎంత అనిశ్చితంగా ఉందో చెప్పే కొలత, కనుక్కోండి. సంభావ్యత ప అయితే: −ప × లాగ్₂(ప) − (1−ప) × లాగ్₂(1−ప).
3. ప్రతి గడి ఎంట్రపీని విడిగా లెక్కించి, అంశాల బలాలతో గుణించి కూడండి. ఇది తడబాటు కొలత.
4. రెండో మెట్టులోంచి మూడో మెట్టు తీసేయండి. మిగిలిందే లాభం.

మన పట్టికలో మొదటి మూడు ప్రశ్నలకు ఈ లెక్క వేస్తే ఎగిరే ప్రశ్నకు 0.66 బిట్లు, నీళ్ళ ప్రశ్నకు 0.58, గుడ్ల ప్రశ్నకు 0.46 వస్తాయి. మూడో మెట్టు వేయకుండా వదిలేస్తే చివరి రెండూ సమానంగా 0.96 అని కనిపించేవి. కోడ్ రాసేవాళ్ళు ఎక్కువగా ఎగ్గొట్టేది ఈ మెట్టే.

గడుల ఎంట్రపీలు ఆట మధ్యలో మారవు కాబట్టి ఒక్కసారి లెక్కించి పెట్టుకోండి. 10,000 అంశాలు, 1,000 ప్రశ్నలు ఉన్నా ఒక్కోసారి ప్రశ్న ఎంచడానికి కోటి గుణకారాలే. మాట్రిక్స్ లెక్కగా రాస్తే మామూలు కంప్యూటర్ కూడా క్షణంలో చేసేస్తుంది. ఇంకా పెద్ద జాబితా అయితే బలమైన మొదటి 500 అంశాల మీదే ప్రశ్న ఎంచండి. బలాలు మార్చడం మాత్రం అన్నిటికీ జరగాలి.

ప్రతిసారీ అత్యధిక లాభం ఉన్నదే అడిగితే అన్ని ఆటలూ ఒకే ప్రశ్నతో మొదలవుతాయి. మొదటి రెండు మూడు ప్రశ్నలను, లాభంలో ముందున్న అయిదింటిలోంచి యాదృచ్ఛికంగా తీయండి. ఆట విసుగెత్తదు, పట్టికలో తక్కువ నిండిన గడులకూ జవాబులు వస్తాయి.

రెండు ప్రశ్నలు ముందుకు ఆలోచించి ఎంచడం సాధ్యమే. లెక్క ఎన్నో రెట్లు పెరుగుతుంది, దక్కేది కొంచెమే. నా మాట వింటే ఆ సమయం ప్రశ్నలు మెరుగుపరచడానికి వాడండి.

అప్పుడప్పుడు ప్రోగ్రామ్ ఇంతకుముందే తేలిపోయినట్టున్న విషయాన్ని మరో రూపంలో అడుగుతుంది. ఆడేవాళ్ళకు వింతగా ఉంటుంది, కొందరు బగ్ అని కూడా చెబుతారు. పాత జవాబు మీద అనుమానం వచ్చినప్పుడే అలా జరుగుతుంది. ఆపకండి.

8. ఎప్పుడు ఊహ చెప్పాలి?

ఈ మూడింటిలో ఏది ముందొస్తే అప్పుడు:

- ఒక అంశం బలం 85 శాతం దాటింది.
- ప్రశ్నల పరిమితి అయిపోయింది. 25 పెట్టుకోవచ్చు.
- మిగిలిన ప్రశ్నల్లో దేనికీ 0.05 బిట్ల లాభం కూడా లేదు.

ఊహ తప్పితే ఆ అంశాన్ని సున్నా చేయకండి, 0.02తో గుణించండి. ఆడేవాళ్ళు మరో పేరుతో దాన్నే తలచుకుని ఉండొచ్చు. వెంటనే ఇంకో ఊహ చెప్పకుండా కనీసం మూడు ప్రశ్నలు అడగండి. వరస ఊహలు ఆడేవాళ్ళకు చీటికీమాటికీ గాలిలో రాళ్ళు విసురుతున్నట్టే అనిపిస్తాయి.

9. ఆట అయ్యాక పట్టికకు నేర్పడం

ఊహ సరైనదని ఆడేవాళ్ళు ఒప్పుకుంటే, లేదా తాము అనుకున్నదేమిటో చెబితే, పట్టికలో ఆ అంశం గడుల్లో, అడిగిన ప్రశ్నలకు వచ్చిన జవాబులు చేర్చండి. అవునుకు రెండు లెక్కలూ ఒకటి పెరుగుతాయి, కాదుకు మొత్తం మాత్రమే. మధ్యలో వదిలేసిన ఆటలనుంచి ఏమీ నేర్చుకోకండి.

జాబితాలో లేని అంశం చెబితే నేరుగా చేర్చొద్దు. వేరే జాబితాలో ఉంచి, వేర్వేరు వ్యక్తులనుంచి మూడుసార్లు వచ్చాక మీరే చూసి చేర్చండి. ఇక్కడ సడలిస్తే కొద్దిరోజుల్లోనే జాబితా నిండా స్నేహితుల పేర్లు, బూతులు ఉంటాయి.

కొత్త అంశం తీసుకునేటప్పుడే "దీన్ని మేమనుకున్న మొసలి నుంచి వేరుచేసే ప్రశ్న ఒకటి చెప్పండి" అని అడగండి. చాలా ప్రశ్నలు పనికిరావు. పనికొచ్చేవి మాత్రం మీకు ఎప్పటికీ తట్టనివై ఉంటాయి.

10. పరీక్షించడం

మొదట తప్పులు లేని పరీక్ష. ప్రతి అంశాన్నీ ఒక్కొక్కటిగా దాచి, గడి 0.5 దాటితే అవును, లేకపోతే కాదు అని కంప్యూటరే జవాబు చెప్పేలా ఆడించండి. కనిపెట్టలేకపోయిన అంశాల జాబితా తీయండి. వాటికి దాదాపు ఎప్పుడూ ఒకటే కారణం: వాటిని పక్కదాని నుంచి విడదీసే ప్రశ్న లేదు.

తర్వాత పదిలో ఒక జవాబు తారుమారు చేస్తూ అదే పరీక్ష. సగటున ఎన్ని ప్రశ్నలు పట్టాయో మొదటి విభాగంలో వేసుకున్న అంచనాతో పోల్చండి. అంచనా కంటే బాగా తక్కువ వస్తే సంతోషించకండి. కోడ్‌లో ఎక్కడైనా జవాబు ముందే తెలిసిపోతోందేమో చూడండి.

మూడోది అసలు పరీక్ష, మనుషులతో. ప్రోగ్రామ్ 80 నుంచి 90 శాతం నమ్మకంతో ఊహ చెప్పిన ఆటలన్నీ విడిగా తీసి, వాటిలో ఎన్ని నిజమయ్యాయో లెక్కించండి. పదికి ఎనిమిది తొమ్మిది రావాలి. అయిదే నిజమైతే ప్రోగ్రామ్‌కు అతివిశ్వాసం ఉన్నట్టు. దాని మందు కింద ఉంది.

11. తరచూ వచ్చే చిక్కులు

*నాలుగైదు ప్రశ్నలకే 99 శాతం చూపించి, ఊహ తప్పుతోంది.* "ఎగురుతుందా?", "రెక్కలున్నాయా?", "పక్షేనా?" దాదాపు ఒకే విషయం చెబుతాయి. బేయీస్ లెక్క మాత్రం వాటిని వేర్వేరు ఆధారాలుగా తీసుకుంటుంది. ఒకే సాక్షిని మూడుసార్లు పిలిచి ముగ్గురు సాక్షులున్నారన్నట్టు. పోలిన ప్రశ్నలను గుంపులు చేసి, గుంపులో ఒకటి అడిగాక మిగతావాటి ప్రభావం తగ్గించండి. గుణించే సంఖ్యకు 0.5 ఘాతం వేయడం, అంటే వర్గమూలం తీసి గుణించడం, తేలికైన మార్గం. గుంపులు చేసే ఓపిక లేకపోతే అన్ని ప్రశ్నలకూ 0.7 ఘాతం వేసి చూడండి. మొరటు పద్ధతేగానీ పనిచేస్తుంది.

*రెండు అంశాలు చెరిసగం దగ్గర ఆగిపోతున్నాయి.* పట్టికలో వాటి గడులు ఒకేలా ఉన్నాయి. ప్రతి జంట గడులనూ పోల్చే చిన్న ప్రోగ్రామ్ రాయండి. వెయ్యి అంశాలకు 4,99,500 జంటలు, కంప్యూటర్‌కు పెద్ద పనేం కాదు. బాగా దగ్గరగా ఉన్న మొదటి 20 జంటలకు ఒక్కో ప్రశ్న కొత్తగా రాయండి.

*ఎప్పుడు చూసినా ప్రసిద్ధమైనవే చెబుతోంది.* అయిదో విభాగంలోని 80–20ని 60–40 చేయండి.

*"తెలియదు"లు ఎక్కువ.* ఏ ప్రశ్నలకు వస్తున్నాయో లెక్క తీసి, మూడో వంతు కంటే ఎక్కువ "తెలియదు" వచ్చినవి తీసేయండి లేదా మార్చి రాయండి.

12. ఇదే పద్ధతితో లోపాలు వెతకాలంటే

ఆట రాయడం వచ్చాక ఇదే కోడ్‌ను మరమ్మతుల వైపు తిప్పొచ్చు. జంతువుల బదులు లోపాలు, ప్రశ్నల బదులు పరీక్షలు. కంప్యూటర్ ఆన్ కావడం లేదు: ప్లగ్ వదులా, పవర్ సప్లై పోయిందా, మదర్‌బోర్డా, ర్యామ్ సరిగ్గా కూర్చోలేదా?

మార్చాల్సినవి రెండే. మొదటిది ఖర్చు. ఆటలో అన్ని ప్రశ్నలూ ఒకటే. ఇక్కడ "ఫ్యాన్ తిరుగుతోందా?" చూడ్డానికి అర నిమిషం, పవర్ సప్లై మార్చి చూడ్డానికి అరగంట. కాబట్టి సమాచార లాభాన్ని ఆ పరీక్షకు పట్టే నిమిషాలతో భాగించి, ఎక్కువ వచ్చినది ముందు చేయండి. 0.6 బిట్లు ఇచ్చే అరగంట పరీక్ష నిమిషానికి 0.02 ఇస్తుంది. 0.2 బిట్లే ఇచ్చినా అర నిమిషంలో అయ్యేది నిమిషానికి 0.4 ఇస్తుంది.

రెండోది, లోపాలు ఒకటి కంటే ఎక్కువ ఉండొచ్చు. మన లెక్క దాచినది ఒక్కటే అనుకుంటుంది. జంట లోపాలు తరచుగా వచ్చే చోట ఆ జంటనే ఒక అంశంగా, తక్కువ మొదటి బలంతో జాబితాలో చేర్చండి. అన్ని జంటలూ చేర్చబోకండి, జాబితా పెరిగిపోతుంది. ఒకటి చెడితే రెండోది కూడా చెడే అవకాశమున్నవి, అనుభవమున్న మెకానిక్‌ను అడిగితే పది నిమిషాల్లో చెప్పేస్తారు. మొదటి బలాలు కూడా వారినే అడిగి నింపండి.